రేవు చూసిన విభజనలు



విశాఖపట్నం బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉన్న వైపే, ‘విక్టరీ ఎట్ సీ’ అనే యుద్ధ స్మారకం ఒకటి ఉంది. సాయంత్రం పూట అక్కడ ఫొటోలు దిగేవాళ్లే ఎక్కువ. అది దేనికి కట్టారో రాసి ఉన్న పలక దగ్గర ఆగేవాళ్లు తక్కువ. 1971లో పాకిస్తాన్ నుంచి తూర్పు బెంగాల్ విడిపోతున్నప్పుడు, ఆ యుద్ధంలో ఒక ఘట్టం మన రేవు ముంగిట్లోనే జరిగింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు. తీరంలో ఇళ్ల కిటికీలు అదిరాయని ఆనాటివాళ్లు చెబుతారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇక్కడే మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికి విశాఖలో లేదు, అండమాన్ వైపు తరలించేశారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే ఘాజీని ముంచాయని మన నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తు పేలిపోయిందని పాకిస్తాన్ చెబుతుంది. ఏదైతేనేం, తొంభై మందికి పైగా నావికులు పోయారు. మన సినిమావాళ్లు తీసిన కథ వేరు, చరిత్ర వేరు. కానీ ఆ సినిమా పుణ్యమా అని ఈ కాలం పిల్లలకు ఘాజీ పేరైనా తెలిసింది.

ఎక్కడి ఢాకా, ఎక్కడి విశాఖ! రేవు ఉన్న ఊరికి ఇది తప్పదు. ఎక్కడో ఒక ప్రాంతం విడిపోతుంది, ఆ దెబ్బో లాభమో ఓడల మీదా రైలు పట్టాల మీదా నడిచి వచ్చి రేవును తాకుతుంది. ప్రాంతాలు పెద్ద రాజ్యాల నుంచి, పెద్ద రాష్ట్రాల నుంచి విడిపోవడం గురించి ఈ పూట మాట్లాడమన్నారు. నేను ఢిల్లీ నుంచో హైదరాబాదు నుంచో కాకుండా, మన రేవు గట్టు మీద నిలబడి ఆ సంగతి చూడాలనుకుంటున్నాను. పటంలో గీత గీసేవాళ్లకు కనిపించనివి కొన్ని సరుకు దించేచోట కనిపిస్తాయి.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. దేశం నుంచి విడిపోవడం వేరు, దేశంలో ఉంటూ రాష్ట్రం నుంచి విడిపోవడం వేరు. మన రాజ్యాంగం మొదటిదానికి తలుపు మూసేసింది, రెండోదానికి బార్లా తెరిచింది. ద్రావిడనాడు పేరుతో వేరే దేశం కావాలని మద్రాసులో డీఎంకే అడుగుతున్న రోజుల్లో, 1963లో పదహారో సవరణ వచ్చింది. దేశ సమగ్రతను కాపాడతానని ప్రమాణం చేస్తేనే ఎన్నికల్లో నిలబడాలి అన్నారు. డీఎంకే ఆ కోరికను పక్కన పెట్టింది. ఆ ద్రావిడనాడు ఊహలో ఆంధ్ర జిల్లాలూ ఉండేవి గానీ, తెలుగువాళ్లు దాన్ని పట్టించుకున్న దాఖలా లేదు. తెలుగు నేల మీద వేరే దేశంగా ఉంటానన్న పాలకుడు ఒక్కడే, హైదరాబాదు నిజాం. 1948 సెప్టెంబరులో భారత సైన్యం అయిదు రోజుల్లో ఆ ముచ్చట తీర్చేసింది.

ఇక రాష్ట్రాల సంగతి. మూడో అధికరణం కింద పార్లమెంటు సాధారణ మెజారిటీతో ఏ రాష్ట్రాన్నైనా చీల్చవచ్చు, కలపవచ్చు, పేరు మార్చవచ్చు. ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, అంతే. వద్దన్నా ఆగనక్కర్లేదు. ఈ సౌలభ్యం మంచిదా చెడ్డదా అంటే, దేశం నిలబడ్డది దీనివల్లేనని నా నమ్మకం. కొత్త రాష్ట్రం దొరుకుతుందన్న ఆశ ఉన్నంతకాలం కొత్త దేశం కావాలని ఎవరికీ అనిపించదు. అయితే గీత గీయడం ఇంత సులువు కావడంతో, గీత గీశాక చేయాల్సిన పంపకాల పని మీద ఎవరికీ శ్రద్ధ లేకుండా పోయింది. నేను చెప్పదలుచుకున్నది ఆ పని గురించే.

విశాఖ చూసిన మొదటి పెద్ద విభజన 2014లోది కాదు, 1953లోదీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం పుట్టింది. అప్పటిదాకా విశాఖపట్నం జిల్లా అంటే ఇప్పటి జిల్లా అనుకునేరు. జయపురం సంస్థానం, కొరాపుట్ కొండలు అన్నీ మన కలెక్టరు కిందే ఉండేవి. ఆ రోజుతో అవి ఒరిస్సాకు వెళ్లిపోయాయి. గంజాం జిల్లాలో బరంపురం వెళ్లింది, పర్లాకిమిడి వెళ్లింది. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు మద్రాసు రాష్ట్రంలోది.

పర్లాకిమిడి సంగతి ఇంకా బాధాకరం. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడే స్థిరపడి, సవరల భాష నేర్చుకుని, వాళ్ల కోసం పుస్తకాలు రాసినవారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం ఆయనకు మింగుడుపడలేదు. కొత్త రాష్ట్రం వచ్చే వేళకు ఆ ఊళ్లో ఉండనని, డెబ్బై దాటిన వయసులో మకాం ఎత్తేసి రాజమండ్రి వెళ్లిపోయారు. విభజన మీద వచ్చిన ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆ ముసలాయన సామాను సర్దుకోవడం ఒక ఎత్తు.

జయపురం మాత్రం పటంలో వెళ్లిపోయినా విశాఖను వదల్లేదు. బీచ్ రోడ్డులో మీరు చూసే హవా మహల్ జయపురం రాజులదే. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు కొండల మీదికి వచ్చింది. దాని సైన్సు, టెక్నాలజీ కళాశాలకు జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరు ఉంది. ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేసిన దాత ఆయన. ఆ రోజుల్లో లక్ష! సంస్థానం ఒరిస్సాలోకి వెళ్లాక కూడా ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని తనదిగానే చూసుకున్నారు. ఇవాళ రెండు రాష్ట్రాల మధ్య ఒక్క ఫైలు కదలడానికి ఎన్నేళ్లు పడుతుందో చూస్తుంటే, ఆ మనిషి చెయ్యి ఎంత పెద్దదో తెలుస్తుంది.

1936లో గీసిన ఆ గీత ఇంకా పూర్తి కాలేదంటే మీరు నమ్మాలి. సాలూరు నుంచి కొండెక్కితే కొఠియా గ్రామాలు వస్తాయి, ఇరవై ఒకటి. అవి ఆంధ్రవా ఒడిశావా అన్న తగువు 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. యథాతథ స్థితి కొనసాగించండి అన్నది కోర్టు. అప్పటి నుంచి యథాతథంగానే ఉంది. అక్కడి గిరిజనులకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు వైపులా ఓట్లు. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. కింద మైదానంలో కూర్చున్నవాళ్లు, రెండు కార్డులంటే వాళ్లకు లాభమే కదా అని నవ్వుతారు. ఒక రాష్ట్రం పని మొదలుపెడితే రెండో రాష్ట్రం అధికారులు వచ్చి ఆపేస్తున్నచోట ఎన్ని కార్డులుంటే ఏం లాభం? వంశధార మీద నేరడి దగ్గర కట్టాల్సిన బ్యారేజీ కూడా ఈ సరిహద్దు మీదే చిక్కుకుంది. దానికోసం ట్రిబ్యునల్ కూర్చుంది, 2017లో తీర్పిచ్చింది. శ్రీకాకుళం రైతు ఇంకా గొట్టా బ్యారేజీ నీళ్లే నమ్ముకున్నాడు.

మద్రాసు నుంచి విడిపోవడం గురించి ఎక్కువ చెప్పను, బళ్లో అందరూ చదువుకున్నదే. 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించింది మన విశాఖ న్యాయవాది బయ్యా నరసింహేశ్వర శర్మ అన్నది మాత్రం గుర్తుచేస్తాను. అక్కడి నుంచి నలభై ఏళ్లు పట్టింది. 1952 అక్టోబరు 19న నిరాహారదీక్షకు కూర్చున్న పొట్టి శ్రీరాములు డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. అనకాపల్లి, శ్రీకాకుళం లాంటి చోట్ల జనం రోడ్ల మీదికి వచ్చారు, పోలీసులు కాల్చారు. డిసెంబరు 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. యాభై ఎనిమిది రోజుల దీక్షతో రానిది నాలుగు రోజుల మంటలతో వచ్చింది. ఢిల్లీ నేర్పిన ఈ పాఠాన్ని తర్వాతి ఉద్యమాలన్నీ బాగా వంటపట్టించుకున్నాయి. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు నగరం రాలేదు. రాజధాని కర్నూలులో గుడారాల కింద మొదలైంది.

చూడండి, మన తగువులన్నిటిలోనూ అసలు చిక్కు ఊరి దగ్గరే. 1953లో మద్రాసు, 2014లో హైదరాబాదు. అందరూ కలిసి పెంచిన నగరం ఒకరి వాటాలోకి వెళ్లిపోతుంది, రెండోవాళ్లు చెట్టు కింద రాజధాని పెట్టుకుంటారు. ఒకసారి దెబ్బ తిన్నవాళ్లు రెండోసారి జాగ్రత్తపడతారనుకుంటాం. 1956 నవంబరు 1న హైదరాబాదుతో కలిసినప్పుడు ఈ అనుభవం మూడేళ్ల పాతదే. అయినా మళ్లీ అన్నీ తీసుకెళ్లి ఒక్క ఊళ్లోనే పెట్టాం.

ఇప్పుడు ఉక్కు దగ్గరికి వద్దాం. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం ఈ ఊరి గోడల మీద చెరగలేదు. 1966 అక్టోబరులో టి. అమృతరావు దీక్ష, తెన్నేటి విశ్వనాథం గారి నాయకత్వంలో అఖిలపక్షం, విద్యార్థుల ఊరేగింపులు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. తేదీ గమనించారా? అది ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవం, సరిగ్గా పదేళ్లు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో 32 మంది చనిపోయారని లెక్క చెబుతారు. అందులో వరంగల్ కూడా ఉంది. విశాఖలో కర్మాగారం కోసం వరంగల్లులో ప్రాణం పోయింది. మూడేళ్లు తిరక్కుండానే, 1969లో, అదే తెలంగాణ మాకు వేరే రాష్ట్రం కావాలని లేచింది. 1971 ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి పద్నాలుగు లోక్‌సభ స్థానాల్లో పది గెలిచింది.

దీన్ని కృతఘ్నత అనుకున్నవాళ్లు మన వైపు చాలామంది. నాకలా అనిపించదు. ఢిల్లీ మీద పోరాడేటప్పుడు తెలుగువాళ్లందరం ఒకటే. కర్మాగారం వచ్చాక ఉద్యోగం ఎవరికి, ముల్కీ అంటే స్థానికుడు ఎవరు, మిగులు నిధులు ఎటు పోయాయి అన్న దగ్గర వేర్వేరు. ఒకే మనిషి రెండు మాటలూ నిజాయితీగా అనగలడు. మనమే సాక్ష్యం. 1972లో స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అన్నాక, ఇదే విశాఖ వేరే ఆంధ్ర రాష్ట్రం కావాలంటూ ‘జై ఆంధ్ర’ అన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయం న్యాయ కళాశాల నుంచి వెంకయ్యనాయుడు లాంటి విద్యార్థి నాయకులు ఆ ఉద్యమంలోంచే పైకొచ్చారు. పి.వి. నరసింహారావు ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. 1952లో విడిపోతామన్నాం, 1972లో విడిపోతామన్నాం, 2013లో విడిపోవద్దన్నాం. నినాదం మారింది గానీ అడిగింది ఒకటే: మా పిల్లల ఉద్యోగాలు ఎక్కడ, మా పన్ను డబ్బు ఎక్కడ?

ఆ మధ్యలో ఉక్కు కర్మాగారం కథ నత్తనడకన నడిచింది. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు. గాజువాక పక్కన అరవైకి పైగా గ్రామాలు ఖాళీ చేసిన నిర్వాసితుల్లో ఇప్పటికీ నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు జాగ్రత్తగా దాచుకుని ఉద్యోగం కోసం తిరుగుతున్న కుటుంబాలు ఉన్నాయి. తీరా వచ్చిన కర్మాగారానికి సొంత ఇనుప గని లేదు. అక్కడే అది నష్టాల్లోకి జారడం మొదలైంది. 2021 జనవరిలో కేంద్రం నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామన్నది, కూర్మన్నపాలెంలో నిరసన శిబిరం వెలిసింది. 2023లో, విడిపోయిన తెలంగాణ నుంచి సింగరేణి అధికారులు వచ్చి కర్మాగారాన్ని చూసి వెళ్లారు, చివరకు బిడ్ వేయలేదు. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. సొంత గని మాట మాత్రం ఇంకా తేలలేదు.

గని ఎక్కడుందో చూస్తే ఈ ప్రసంగం సంగతంతా అందులోనే ఉంది. ఇనుప ఖనిజం బైలదిల్లాలో తవ్వుతారు. అది 2000 సంవత్సరం దాకా మధ్యప్రదేశ్, ఆ నవంబరు నుంచి ఛత్తీస్‌గఢ్. అక్కడి నుంచి కిరండూల్–కొత్తవలస లైను ఒడిశాలో కొరాపుట్ మీదుగా, అరకు లోయ దిగి, సొరంగాలు దాటుకుంటూ విశాఖ వస్తుంది. జపాన్‌కు ఖనిజం పంపడం కోసం 1960లలో వేసిన దారి అది. ఆ ఓడల కోసమే 1976లో ఔటర్ హార్బర్ కట్టారు. అంతకుముందు కూడా అంతే. 1933లో తెరిచిన ఈ రేవును బెంగాల్ నాగపూర్ రైల్వే తవ్వించింది మన సరుకు కోసం కాదు, మధ్య పరగణాల మాంగనీసు కోసం. అంటే ఈ రేవు పుట్టిందే ఇంకొకరి ఖనిజంతో. మూడు రాష్ట్రాలు ఒక్క గూడ్సు బండిని పంచుకుంటున్నాయి. రాష్ట్రాల పంపకాన్ని మనవాళ్లు అన్నదమ్ముల పంపకంతో పోలుస్తారు. ఆ పోలిక ఇక్కడే తెగిపోతుంది. అన్నదమ్ములు పొలం మధ్య గట్టు వేసుకుంటే సరిపోతుంది. గూడ్సు బండి గట్టు దగ్గర ఆగదు, నది ఆగదు, కరెంటు తీగ ఆగదు.

ఆ పట్టాల మీదే ఇప్పుడు కొత్త పంపకం. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, కొత్త రైల్వే జోన్ సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. పరిశీలించాలని మాత్రమే. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ఇస్తామని ప్రకటన, 2025 జనవరిలో ముడసర్లోవ దగ్గర కార్యాలయానికి శంకుస్థాపన. ఆరు నెలల మాటకు పదేళ్లు దాటాయి. జోన్ రావడం సంతోషమే, కాదనను. కానీ 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పంపకం చూడండి. పాత వాల్తేరు డివిజన్ను రెండు చేశారు. సుమారు 410 కిలోమీటర్లతో విశాఖపట్నం డివిజన్, సుమారు 680 కిలోమీటర్లతో ఒడిశాలో రాయగడ డివిజన్. కొత్తవలస–కిరండూల్ లైను రాయగడకు వెళ్లింది. వాల్తేరుకు సరుకు రవాణా మీద వచ్చే ఆదాయంలో పెద్ద భాగం ఆ లైనుదే. మన అరకు స్టేషను రాయగడ కిందికి పోయింది. నిజానికి ఒడిశా వాళ్ల బాధ కూడా సబబే. తమ కొండల మీదుగా ఖనిజం పోతుంటే తమకేం మిగిలింది అని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. 2003లో తూర్పు కోస్తా జోన్ భువనేశ్వర్‌లో పెట్టినప్పుడు మనం పడ్డ బాధే ఇప్పుడు వాళ్లను పడమంటే ఎలా ఒప్పుకుంటారు?

2013 సంగతి ఈ ఊళ్లో చాలామందికి కళ్లముందే ఉంటుంది. అక్టోబరులో విద్యుత్ ఉద్యోగుల సమ్మె, రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోవడం, చీకట్లో కాలనీలు. 2014 జనవరి 30న శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆపి, ఆమోదించింది. జూన్ 2 నుంచి రెండు రాష్ట్రాలు. తెలంగాణ అరవై ఏళ్ల కోరిక అది, దాన్ని తప్పు పట్టే హక్కు జై ఆంధ్ర అన్న మనకు లేదు. నేను తప్పు పట్టేది పద్ధతిని. ఏడు మండలాలు పోలవరం ప్రాజెక్టు కోసం ఆంధ్రకు వచ్చాయి, వాటి మధ్యలో భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. రాముడి గుడి అక్కడ, గుడి మాన్యాలు పురుషోత్తపట్నంలో, ఇక్కడ. కరెంటు బకాయిలు వడ్డీతో కలిపి రూ. 6,756 కోట్లు కట్టమని కేంద్రం 2022లో తెలంగాణను ఆదేశిస్తే అది కోర్టుకెక్కింది. విభజన చట్టం తొమ్మిది, పది షెడ్యూళ్లలోని సంస్థల ఆస్తుల పంపకం మీద పదేళ్ల పాటు సమావేశాలు జరిగాయి. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2న తీరిపోయింది. గడువు తీరింది, లెక్క తీరలేదు.

ఇంకోలా చేయవచ్చా? చేసినవాళ్లున్నారు. చెకోస్లొవేకియా 1993 జనవరి 1న రెండు దేశాలైంది. జనాభాను బట్టి చెక్కులకు రెండు వంతులు, స్లోవక్కులకు ఒక వంతు అని ఆస్తుల పంపకం ముందే చట్టం చేసుకుని, ఆ తర్వాత విడిపోయారు. ఒక తుపాకీ పేలలేదు. అందుకు భిన్నంగా, అదే ఏడాది ఎరిత్రియా ఇథియోపియా నుంచి విడిపోయింది. అసాబ్ రేవు ఎరిత్రియాతో వెళ్లిపోయింది, ఇథియోపియాకు సముద్రమే లేకుండా పోయింది. రేవు వాడుకోవడం మీద ఒప్పందం ఉన్నా అది నిలవలేదు. 1998లో యుద్ధం వచ్చింది, అసాబ్‌లో ఇథియోపియా సరుకు ఆగిపోయింది, ఇథియోపియా జిబూటీ దారి పట్టింది. ఇక దక్షిణ సూడాన్. 2011లో నూటికి 98 మందికి పైగా విడిపోదామని ఓటేశారు. చమురు దక్షిణాన, దాన్ని మోసే గొట్టాలు, రేవు ఉత్తరాన. గొట్టం వాడినందుకు ఎంత కట్టాలో ముందు తేల్చుకోలేదు. విడిపోయిన ఆరు నెలలకే, 2012 జనవరిలో, దక్షిణ సూడాన్ తన చమురు బావులను తానే మూసుకుంది. బైలదిల్లా ఖనిజాన్ని ఎరిగిన విశాఖవాళ్లకు ఈ కథ ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఇంత చెప్పాక మన ఇంటి మాట దాటేయడం భావ్యం కాదు. మూడు రాజధానుల గొడవ నడిచినప్పుడు విశాఖ పేరు పాలనా రాజధానిగా వినిపించింది. 2020లో చట్టం వచ్చింది, 2021లో వెనక్కి పోయింది. ఆ వేడిలో, అమరావతే రాజధాని అయితే ఉత్తరాంధ్రను ప్రత్యేక రాష్ట్రం చేయండి అన్న అర్థంలో అప్పటి రెవెన్యూ మంత్రి ధర్మాన ప్రసాదరావే మాట్లాడారు. ఆ మాట వెనక ఉన్న బాధ అబద్ధం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు. గుజరాత్ వెరావల్‌లో బోట్లెక్కి 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, పద్నాలుగు నెలలు జైల్లో ఉండి వచ్చిన శ్రీకాకుళం మత్స్యకారులు. మూడు వైపులా నదులుండి తాగునీటికి తిప్పలు పడే ఊళ్లు. పక్కనే ఉన్న సముద్రంలో చేపలు పట్టడానికి జెట్టీ లేక, వేల కిలోమీటర్లు పోయి ఇంకొకరి బోటు మీద కూలికి వెళ్లే మనిషి ప్రత్యేక రాష్ట్రం అంటే నేను తప్పనను.

కానీ ఒక్కొక్కటీ లెక్క వేద్దాం. రాష్ట్రం వస్తే ఈ రేవు మనదవుతుందా? కాదు, అది కేంద్ర ప్రభుత్వ మేజర్ పోర్టు. ఉక్కు కర్మాగారం? కేంద్రానిది. రైల్వే, నౌకాదళం, హిందుస్థాన్ షిప్‌యార్డు? అన్నీ కేంద్రానివే. ఆ షిప్‌యార్డు 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా యార్డే, ఎప్పుడో కేంద్రం చేతికి వెళ్లిపోయింది. విశాఖను చూసి ఉత్తరాంధ్ర సంపన్నమనుకునేవాళ్లు చూసే చిమ్నీలన్నీ ఢిల్లీ ఖాతాలోవి. అవతల వంశధార నీళ్ల కోసం ఒడిశాతో, గోదావరి నీళ్ల కోసం మిగిలిన ఆంధ్రతో, ఖనిజం కోసం ఛత్తీస్‌గఢ్‌తో ఒక చిన్న రాష్ట్రం ఒంటరిగా బేరమాడాలి. అప్పుడు విశాఖ నగరం ఆ రాష్ట్రానికి రాజధాని అవుతుంది, పలాస, పార్వతీపురం, పాడేరు మళ్లీ ఇదే మాట విశాఖను అడుగుతాయి. అడగడం న్యాయమే కూడా.

అందుచేత నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మూడో అధికరణం ఉండాలి, కానీ దానికి ఒక షరతు చేర్చాలి. నీళ్లు, కరెంటు, అప్పులు, ఉద్యోగులు, ఉమ్మడి సంస్థలు, వీటి పంపకం అంకెలతో, తేదీలతో బిల్లులోనే రాసి ఉంటే తప్ప ఏ రాష్ట్రాన్నీ చీల్చకూడదు. పదమూడో షెడ్యూలులాంటి ‘పరిశీలిస్తాం’ జాబితాలు చెల్లవని అందులో రాయాలి. ఇక ఉత్తరాంధ్ర ఇప్పుడు అడగాల్సింది కొత్త రాష్ట్రం కాదు. ఉక్కు కర్మాగారానికి సొంత గని. వంశధార మీద నేరడి బ్యారేజీ. ఉత్తరాంధ్ర సుజల స్రవంతి పథకం కాలువల్లో గోదావరి నీళ్లు. కొఠియా ఇరవై ఒక్క గ్రామాలకు ఒక తీర్పు. మత్స్యకారులకు జెట్టీలు. వీటిలో ఒక్కదానికీ కొత్త సరిహద్దు అవసరం లేదు. అన్నీ ఇప్పుడున్న రాష్ట్రంలోనే, ఇప్పుడున్న రాజ్యాంగం కిందే వస్తాయి. ఓటడగడానికి మీ గుమ్మం తొక్కిన వాళ్లందరినీ, ఏ జెండా వాళ్లనైనా సరే, ఈ అయిదింటికీ తేదీ రాసివ్వమని అడగండి.